డ్యూటీ రోస్టర్‌లో మా నిద్రకూ చోటివ్వండి

నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్‌లకు, వార్డు ఇన్‌ఛార్జ్ సిస్టర్లకు, ఆసుపత్రుల యాజమాన్యాలకు నమస్కారం.

నేనొక ప్రైవేటు ఆసుపత్రిలో సీనియర్ స్టాఫ్ నర్సును. నా సర్వీసులో ఎక్కువ భాగం నైట్లలోనే గడిచింది. కొత్తగా చేరి మొదటిసారి నైట్ ఎక్కబోతున్న పిల్లల తరఫున ఈ లేఖ రాస్తున్నాను. నోటీస్ బోర్డు మీద తమ పేరు ఎదురుగా వరసగా ‘ఎన్, ఎన్, ఎన్’ (నైట్, నైట్, నైట్) అని కనిపించగానే వాళ్లు మా దగ్గరికి వచ్చి అడిగేది ఒకటే: “అక్కా, పగలు నిద్ర ఎలా పడుతుంది?” దానికి మన ఆసుపత్రుల్లో తరతరాలుగా ఒకటే జవాబు నడుస్తోంది: “రెండు మూడు రోజులు కష్టంగా ఉంటుంది, తర్వాత అలవాటైపోతుందిలే.”

అలవాటు కాదు మేడమ్. వరసగా నెలల తరబడి నైట్లే చేసేవాళ్ల మీద జరిగిన అధ్యయనాలను సైమన్ ఫోకార్డ్ అనే పరిశోధకుడు 2008లో ఒకచోట పెట్టి చూశారు. రాత్రి పనికి అనుగుణంగా శరీర గడియారం పూర్తిగా మారినవాళ్లు నూటికి ముగ్గురు కూడా లేరు. నైట్లే చేసేవాళ్ల సంగతే అలా ఉంటే, వారం నైట్లు, వారం మార్నింగ్‌లు, మధ్యలో రెండు ఈవెనింగ్‌లు చేసే మన స్టాఫ్ సంగతి ఏమిటి? “అలవాటైపోతుంది” అనేసి మనం చేతులు దులుపుకుంటున్నాం. నిద్ర సర్దుకోవడం ఆ అమ్మాయి సొంత పనిగా మిగిలిపోతోంది. ఆమె నిద్రలో సగం ఇంటి దగ్గర తేలుతుంది. మిగతా సగం మీ టేబుల్ మీద, రోస్టర్ కాగితం మీద తేలుతుంది. ఈ మాట చెప్పడానికే ఈ ఉత్తరం.

మనం చదువుకున్న ఫిజియాలజీయే ఇది. కళ్ల నుంచి వచ్చే నరాలు మెదడు అడుగున ఒకదాన్నొకటి దాటే చోటికి కాస్త పైన, ఒంటికంతటికీ టైమ్ చెప్పే చిన్న కేంద్రం ఉంది. వెలుతురును బట్టి అది పొద్దు తెలుసుకుంటుంది. చీకటి పడ్డాక ఒంటిని నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. ఒంటి వేడి మెల్లగా తగ్గుతూ తెల్లవారుజామున నాలుగు, అయిదు గంటల ప్రాంతంలో బాగా కిందికి దిగుతుంది. ఈ గడియారం కణాల్లో ఎలా నడుస్తుందో చిన్న చిన్న పండ్ల ఈగల్లో కనిపెట్టినందుకే 2017లో జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్‌లకు వైద్యంలో నోబెల్ ఇచ్చారు. రోస్టర్ మారినంత మాత్రాన ఆ గడియారం మారదు. రోజుకు ఒక గంట, మహా అయితే రెండు గంటలు జరుగుతుంది. అదీ వెలుతురు సహకరిస్తేనే. నైట్ దిగిన నర్సుకు వెలుతురు సహకరించదు. ఎనిమిదిన్నరకు ఆసుపత్రి మెట్లు దిగగానే ఎండ మొహాన కొడుతుంది. రాత్రంతా కాస్త అటు జరిగిన గడియారాన్ని అది మళ్లీ వెనక్కి లాగేస్తుంది.

మొదటి నైట్ ఎలా ఉంటుందో ఒక్కసారి లెక్క వేసి చూడండి. ఆ అమ్మాయి మామూలుగానే ఉదయం ఏడింటికి లేస్తుంది. మధ్యాహ్నం పడుకుంటుంది కానీ నిద్ర పట్టదు, పైగా మొదటి నైట్ అన్న టెన్షన్. రాత్రి ఎనిమిదికి డ్యూటీ ఎక్కుతుంది. పన్నెండు కొట్టేసరికి ఆమె లేచి 17 గంటలు. మర్నాడు ఏడింటికి, పేషెంట్లను తర్వాతి షిఫ్టుకు అప్పగించే హ్యాండోవర్ ఇంకా మొదలుకాకముందే 24 గంటలు. ఆస్ట్రేలియాలో డ్రూ డాసన్, క్యాథరిన్ రీడ్ చేసిన ప్రయోగం ఒకటి 1997లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి కన్నూ చెయ్యీ కలిపి చేసే పని, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్న మనిషి పనిలా తయారైంది. 24 గంటలయ్యేసరికి అది 0.10 శాతం దగ్గరికి వెళ్లింది. మన దేశంలో బండి నడపడానికి చట్టం ఒప్పుకునేది 0.03 శాతమే. ఆ లెక్కన మనం ఆమెను అర్ధరాత్రి నుంచి ఆ హద్దు దాటిన స్థితిలో వార్డులో నిలబెట్టి, పొద్దున్న స్కూటీ తాళాలు చేతికిచ్చి ఇంటికి పంపుతున్నాం. తాగి నడిపేవాళ్లను ఆపడానికి చౌరస్తాలో మిషన్ పట్టుకుని పోలీసులు ఉంటారు. నిద్ర లేకుండా నడిపేవాళ్లను పట్టే మిషన్ ఎవరి దగ్గరా లేదు. కాబట్టి పంపేవాళ్లే ఆ జాగ్రత్త తీసుకోవాలి.

రోడ్డు సంగతి అలా ఉంచి, వార్డుకు రండి. తెల్లవారుజామున నాలుగున్నర. షుగర్లు చూసి ఇన్సులిన్ సిద్ధం చేసుకునే టైమ్ దగ్గరపడుతుంది. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్ల ఇన్సులిన్ వయల్సూ (మందు సీసాలు) ఉంటాయి, 100 యూనిట్లవీ ఉంటాయి. సిరంజిలూ రెండు రకాలే: ఎర్ర మూత 40ది, నారింజ మూత 100ది. ట్యూబ్‌లైట్ వెలుగులో, మూతపడిపోతున్న కళ్లకు ఆ రెండు రంగుల మధ్య తేడా ఎంత? 100 యూనిట్ల వయల్‌కు నారింజది తీయాల్సిన చోట ఎర్రది తీస్తే అదే గీత దగ్గర పేషెంట్‌కు రెండున్నర రెట్లు మందు వెళ్తుంది. అందుకే ఇద్దరు చూసి సరిపోల్చాలని మీరే రూల్ పెట్టారు, మంచి రూల్. కానీ సరిచూడాల్సిన ఆ రెండో మనిషీ అదే రాత్రి, అదే నిద్రలేమితో ఉన్న మనిషే కదా మేడమ్.

ఇక రోస్టర్ గురించి మాట్లాడతాను. అన్నిటికన్నా ముందు షిఫ్టులు తిరిగే దిశ. మన శరీర గడియారం 24 గంటలకన్నా కొద్దిగా ఎక్కువే తిరుగుతుంది. అందువల్ల ఆలస్యంగా పడుకోవడం దానికి తేలిక, తొందరగా పడుకోవడం కష్టం. షిఫ్టులు మార్నింగ్ నుంచి ఈవెనింగ్‌కి, ఈవెనింగ్ నుంచి నైట్‌కి జరిగితే గడియారం వెంట నడుస్తున్నట్టు. నైట్ నుంచి ఈవెనింగ్‌కి, అక్కడి నుంచి మార్నింగ్‌కి వస్తే ఎదురు నడుస్తున్నట్టు. చాలా వార్డుల్లో రోస్టర్ ఏ దిశా లేకుండా, ఆ రోజు ఎవరు సెలవు పెట్టారో దాన్నిబట్టి తిరుగుతోంది. రాత్రి ఎనిమిదికి ఈవెనింగ్ దిగిన పిల్లను మర్నాడు ఎనిమిదికి మార్నింగ్‌కి రమ్మంటున్నాం. కాగితం మీద అది పన్నెండు గంటల విరామం. హ్యాండోవర్‌కి అరగంట, బస్సుకు గంట, అన్నం, స్నానం, మళ్లీ పొద్దున్న బస్సు తీసేస్తే చేతికొచ్చే నిద్ర అయిదు గంటలు. ఆ వెంటనే నైట్ పడితే ఆమె అప్పటికే నిద్ర అప్పులో ఉండి డ్యూటీ ఎక్కుతుంది.

తర్వాతది వీక్లీ ఆఫ్. అర్ధరాత్రి దాటే షిఫ్టులో పనిచేసే వాళ్ల వారం సెలవు, షిఫ్ట్ దిగిన నిమిషం నుంచి 24 గంటలు అని 1948 నాటి పాత ఫ్యాక్టరీల చట్టంలోని 57వ సెక్షన్ చెప్పేది. మన ఆసుపత్రులు ఫ్యాక్టరీలు కావు, కానీ అదే లెక్క ఇక్కడా వాడుకలో ఉంది. పొద్దున్న ఎనిమిదికి దిగావు, మర్నాడు ఎనిమిదికి మార్నింగ్‌కి రా, మధ్యలో ఉన్నది నీ ఆఫ్. ఆ ఆఫ్‌లో పగలంతా పడుకుంటే రాత్రి నిద్ర పట్టదు. పగలు పడుకోకపోతే సాయంత్రానికి మనిషి మనిషిలా ఉండదు. అది నిద్ర తీర్చుకునే రోజే తప్ప సెలవు రోజు కాదు. విమాన పైలట్లకు వారపు విశ్రాంతిని 36 గంటల నుంచి 48 గంటలకు పెంచుతూ 2024 జనవరిలో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలు మార్చింది. పైలట్ అలసిపోతే ప్రయాణికులకు ప్రమాదమని ఒప్పుకున్న దేశంలో, ఐసీయూలో వెంటిలేటర్ పక్కన కూర్చున్న మనిషి అలసట గురించి అంతే గట్టిగా అడగడం తప్పు కాదనుకుంటాను. వరస నైట్లు మూడు, తప్పకపోతే నాలుగు. ఆ తర్వాత మధ్యలో రెండు పూర్తి రాత్రులు ఇంట్లో పడుకునేలా ఆఫ్. ఇదే నా ప్రధాన విన్నపం.

నైట్ దిగిన పొద్దు గురించి కూడా చెప్పాలి. ఎనిమిదికి డ్యూటీ అయిపోయినా మనిషి గేటు దాటేసరికి ఒక్కోసారి తొమ్మిదిన్నర అవుతోంది. హ్యాండోవర్ సాగుతుంది, ఇన్వెంటరీ లెక్క తేలదు, రౌండ్స్‌కి డాక్టర్ గారు వచ్చి “రాత్రి ఎవరున్నారు?” అంటారు. ఇది కొంతవరకు తప్పదు. కానీ పదకొండు గంటలకు ట్రైనింగ్ క్లాసు పెట్టి “నైట్ స్టాఫ్ కూడా ఉండాలి” అనడం తప్పదా? ఆడిట్ దగ్గరపడినప్పుడు ఇది మరీ ఎక్కువ. ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ క్లాసులో వెనక వరసలో గోడకు తల ఆనించి నిద్రపోతున్న పిల్లలను మీరూ చూశారు. హాజరు సంతకం తప్ప ఆ క్లాసు వల్ల ఎవరికీ ఏమీ రాలేదు. అదే క్లాసు నైట్ ఎక్కేముందు సాయంత్రం ఏడింటికి పెట్టండి, లేదా వాళ్ల మార్నింగ్ వారంలో పెట్టండి. మధ్యాహ్నం పన్నెండింటికి ఫోన్ చేసి “రేపటి డ్యూటీ మారింది” అని చెప్పడం కూడా ఇలాంటిదే. అప్పుడే పట్టిన నిద్ర ఆ ఒక్క ఫోన్‌తో పోతే మళ్లీ పట్టదు. వాట్సాప్‌లో పెట్టేయండి, లేచాక చూసుకుంటారు.

హాస్టల్ గురించి యాజమాన్యాలకు ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే దీనికి పెద్దగా ఖర్చు లేదు. ఒకే గదిలో నలుగురు పిల్లలు, నలుగురివీ వేర్వేరు షిఫ్టులు. ఒకరు పడుకుంటే ఒకరు యూనిఫాం ఇస్త్రీ చేస్తుంటారు, ఇంకొకరి అలారం మోగుతుంది, మరొకరు అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటారు. ఎవరి తప్పూ లేదు. నైట్ వారంలో ఉన్న పిల్లలందరినీ ఒక గదిలోకి మార్చండి చాలు. ఆ గది పై అంతస్తులో స్లాబు కింద కాకుండా చూడండి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో మిట్టమధ్యాహ్నం స్లాబు కింద పడుకోమంటే పేషెంట్‌నైనా మనం ఒప్పుకోం. ఆ గదికి కూలర్ ఒకటి, కిటికీలకు మందపాటి నల్లగుడ్డ. బయట చెత్త ఆటో పాటను, “పాత ఇనుము కొంటాం” అన్న మైకును ఎవరూ ఆపలేరు, కానీ కిటికీ వేసుకునేంత చల్లదనం గదిలో ఉంటే సగం చప్పుడు తగ్గుతుంది.

డ్యూటీలో కునుకు గురించి రాయడానికి మనలో చాలామంది జంకుతారు. నేను రాస్తాను. నైట్‌లో కూర్చున్నచోట కళ్లు మూతపడ్డ నర్సుకు మెమో వస్తుంది. పేషెంట్లను వదిలేసి గంటల తరబడి పడుకుంటే మెమో ఇవ్వాల్సిందే, నేను కాదనను. కానీ వంతుల ప్రకారం, పక్క సిస్టర్‌కు పేషెంట్లను అప్పగించి, రెండు నుంచి నాలుగు మధ్య ఇరవై, ముప్పై నిమిషాలు పడుకోవడం వేరే సంగతి. నాసా వాళ్లు దూర ప్రయాణాల పైలట్లకు 40 నిమిషాలు విశ్రాంతి ఇచ్చి చూశారు. సగటున 26 నిమిషాలు నిద్రపోయారు, విమానం దిగే సమయానికి నిద్రపోనివాళ్లకన్నా చురుగ్గా ఉన్నారు. కునుకు ముప్పై నిమిషాలు దాటకుండా చూసుకోవాలి. గాఢనిద్రలోంచి లేపితే కాసేపు మనిషికి ఏమీ తోచదు. లేచాక పది, పదిహేను నిమిషాలు ఆగి మందుల ట్రే ముట్టుకోవాలి. ఇదంతా రాసి, సంతకం చేసి, రూల్‌గా పెట్టండి. దొంగచాటుగా కుర్చీలో వేసే కునుకుకన్నా రూల్ ప్రకారం వేసే కునుకు పేషెంట్‌కు వెయ్యి రెట్లు క్షేమం.

దానికి ఒక గది కావాలి. లోపల గడియ ఉన్న గది, ఆడవాళ్లకు విడిగా. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో నైట్ డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ విశ్రాంతి కోసం సెమినార్ హాల్లో పడుకుంది. అక్కడే ఆమెపై అత్యాచారం చేసి చంపేశారు. సుప్రీంకోర్టు ఆ కేసును విచారిస్తూ, రాత్రి పనిచేసే వైద్య సిబ్బందికి సరైన విశ్రాంతి గదులు లేవన్న సంగతిని ఎత్తి చూపింది. ఆ తర్వాత మన దగ్గర సీసీ కెమెరాలు పెరిగాయి, గేటు దగ్గర సెక్యూరిటీ పెరిగింది. గది మాత్రం ఎన్ని ఆసుపత్రుల్లో వచ్చింది? స్టోర్ రూమ్‌లో స్ట్రెచర్ మీద, ఇంజెక్షన్ రూమ్‌లో దుప్పటి పరుచుకుని ఒరిగే పిల్లలను నేను ఇప్పటికీ చూస్తున్నాను.

ఓరియంటేషన్ వారంలో పిల్లలకు చేతులు కడుక్కోవడం దగ్గర నుంచి ఫైర్ డ్రిల్ దాకా అన్నీ చెబుతారు. నిద్ర గురించి ఒక్క గంట చెప్పండి. సీనియర్లం మేం చెబుతాం, మాకు టైమ్ ఇవ్వండి. ఏం చెబుతామంటే: నైట్ మొదలయ్యే ముందురోజు రాత్రి కాస్త ఆలస్యంగా పడుకుని ఆలస్యంగా లేవమని. మొదటి నైట్ మధ్యాహ్నం మూడు నుంచి గంటన్నర తప్పనిసరిగా పడుకోమని, నిద్ర రాకపోయినా చీకటి గదిలో కళ్లు మూసుకుని ఉండమని. అన్నం రాత్రి డ్యూటీ ఎక్కేముందే తినేయమని, అర్ధరాత్రి దాటాక బిర్యానీ పార్శిళ్ల జోలికి పోకుండా ఇడ్లీయో, పెరుగన్నమో, పండో కొద్దిగా తినమని. కాఫీ, టీ రాత్రి రెండింటిలోపే ముగించమని. ఎందుకంటే తాగిన కెఫీన్‌లో సగం అయిదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది, నాలుగింటికి తాగిన టీ తొమ్మిదింటి నిద్రను తినేస్తుంది. రాత్రి మొదటి సగంలో బాగా వెలుతురున్న చోట ఉండమని, ఇంటికి వెళ్లేటప్పుడు బస్సులోనో ఆటోలోనో అయితే నల్లకళ్లద్దాలు పెట్టుకోమని. ఇంటికి చేరాక “ఈ బట్టలు ఉతికేసి పడుకుంటా” అనకుండా ముందు పడుకోమని. పగటి నిద్ర అంతా ఒకే ముక్కలో రాకపోతే భయపడకుండా, పొద్దున్న నాలుగున్నర గంటలు, సాయంత్రం డ్యూటీకి ముందు మరో గంటన్నర, ఇలా రెండు ముక్కలుగా పడుకోమని. ఆఖరి నైట్ దిగిన రోజు మధ్యాహ్నానికల్లా లేచి, ఆ రాత్రి పదింటికే పక్క ఎక్కమని.

ఇవన్నీ నిజంగా పనిచేస్తాయి. కానీ రోస్టర్ ఎదురు తిరిగితే ఒక్కటీ పనిచేయదు. ఆఖరి నైట్ దిగిన రోజు మధ్యాహ్నం మీటింగ్ ఉంటే, ముందురోజు మార్నింగ్ డ్యూటీ ఉంటే, ఏ సలహా ఇచ్చి ఏం లాభం?

పెళ్లై పిల్లలున్న స్టాఫ్ గురించి ఒక మాట. నైట్ దిగి వెళ్లిన కోడలు తలుపేసుకుని పడుకుంటే “పొద్దెక్కినా లేవలేదు” అనే ఇళ్లు ఇంకా ఉన్నాయి. పిల్లల క్యారేజీ, స్కూల్ ఆటో, అత్తగారి టిఫిన్ అన్నీ అయ్యాక పదకొండుకు పడుకుని మూడున్నరకు స్కూలు వదిలేసరికి లేస్తారు. ఇంటివాళ్లకు మేం చెప్పుకుంటాం. మీరు చేయగలిగింది, రోస్టర్‌ను కనీసం పదిహేను రోజుల ముందు ఇవ్వడం. ముందుగా తెలిస్తే ఊరి నుంచి అమ్మనైనా పిలిపించుకుంటారు.

ఆరోగ్యం సంగతి యాజమాన్యాలు పట్టించుకోక తప్పదు. శరీర గడియారాన్ని చెదరగొట్టే షిఫ్టు పనిని బహుశా క్యాన్సర్‌కు కారణమయ్యే వాటి జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2007లో చేర్చింది, 2019లో మళ్లీ పరిశీలించి ఆ స్థానంలోనే ఉంచింది. డెన్మార్క్‌లో ఏళ్ల తరబడి రాత్రి డ్యూటీలు చేసి రొమ్ము క్యాన్సర్ వచ్చిన మహిళలకు, వాళ్లలో నర్సులకూ, పరిహారం ఇచ్చారు. పిల్లలను భయపెట్టడానికి ఇది చెప్పడం లేదు. రాత్రి పనికి పెట్టేముందూ, ఆ తర్వాత అప్పుడప్పుడూ, కోరినవారికి ఉచితంగా వైద్య పరీక్ష జరగాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1990 నాటి ఒప్పందంలోనే ఉంది. మన దేశం దాన్ని ఆమోదించలేదు. అయినా ల్యాబ్ మీదే, డాక్టర్లూ మీవాళ్లే. బీపీ, షుగర్, థైరాయిడ్ చూసి, గర్భిణులను, ఫిట్స్ ఉన్నవాళ్లను నైట్ల నుంచి తప్పించడం ఎంతసేపు? నిద్ర తప్పితే ఫిట్స్ వస్తాయని పేషెంట్‌కు మనమే చెబుతాం కదా.

స్టాఫ్ లేరు అంటారని తెలుసు. నిజమే, లేరు. మూడు నైట్లకు రెండు ఆఫ్‌లు ఇవ్వాలంటే వార్డుకు ఇంకో ఇద్దరైనా కావాలి. ఆ ఇద్దరి జీతం యాజమాన్యం లెక్క వేసుకునేటప్పుడు, ఏడాది తిరక్కుండానే మానేసి వెళ్లిపోతున్న పిల్లల స్థానంలో కొత్తవాళ్లను తెచ్చి మళ్లీ నేర్పించే ఖర్చు కూడా పక్కన వేసి చూడమని కోరుతున్నాను. ఇద్దరు వచ్చేదాకా కూడా షిఫ్టుల దిశ మార్చడానికి, హాస్టల్ గదులు సర్దడానికి, క్లాసుల టైమ్ మార్చడానికి, పొద్దున్న పూట స్కూటీల మీద కాకుండా ఆసుపత్రి వ్యాన్‌లో ఇంటి దగ్గర దింపడానికి అడ్డేమీ లేదు.

వచ్చే నెల రోస్టర్ ఇంకా బోర్డుకు ఎక్కలేదు. ఒక్క వార్డు ఇవ్వండి మేడమ్, మెడికల్ వార్డైనా సరే, ఐసీయూ అయినా సరే. ఎమ్, ఈ, ఎన్ ముందుకే తిరిగేలా, వరసగా మూడు నైట్లు దాటకుండా, నైట్ల తర్వాత రెండు రాత్రులు ఇంట్లో ఉండేలా మేమే కూర్చుని డ్రాఫ్ట్ వేసి 20వ తేదీలోపు మీ టేబుల్ మీద పెడతాం. మూడు నెలలు నడిపి చూడండి. ఇన్సిడెంట్ రిపోర్టులు, సిక్ లీవులు, రాజీనామాలు అన్నీ మీ దగ్గరే ఉంటాయి, ముందటి మూడు నెలలతో పోల్చి మీరే నిర్ణయించండి.

ఇట్లు,
ఒక సీనియర్ స్టాఫ్ నర్స్